హుద్‌హుద్‌కు కదిలిన మనసులు ఉద్దానానికి ఎందుకు కదలలేదు?

సోంపేట_వాసి

చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. ప్రధానమంత్రి రెండు రోజులకే వచ్చి వెయ్యి కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు. సినీ పరిశ్రమ 'మేము సైతం' పేరుతో కార్యక్రమం నడిపి విరాళాలు సేకరించింది. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో మునిగినప్పుడు కూడా మనవాళ్ళు వెనుకాడలేదు. తెలంగాణ ప్రభుత్వం 25 కోట్లు ఇచ్చింది. హైదరాబాదులో నేనుండే అపార్టుమెంటులో చూస్తుండగానే బియ్యం, దుప్పట్లు, మందులు గుట్టలుగా పోగయ్యాయి.

ఆ తర్వాత రెండు నెలలకు, అక్టోబరు 11న, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం మీద, అంటే పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట ప్రాంతాల మీద విరుచుకుపడింది. తరాలుగా కుటుంబాలను పోషించిన కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. అదే అపార్టుమెంటులో అప్పుడు వినిపించింది "అయ్యో పాపం" అన్న మాట మాత్రమే.

ఇక ఉద్దానంలో ఏళ్ళుగా మనుషుల ప్రాణాలు తీస్తున్న కిడ్నీ జబ్బు సంగతి తుపాను కంటే పాతది, తుపాను కంటే పెద్దది. ఇటీవల ఉద్దానంలోని కొన్ని డయాలసిస్ కుటుంబాల రాకపోకల ఖర్చుకు సాయం అడుగుతూ మా వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టాను. డబ్బు కంటే ముందు ప్రశ్నలు వచ్చాయి. "అక్కడ సారా ఎక్కువట కదా?", "నెలకు పది వేలు పింఛను ఇస్తున్నారు కదా?", "ఆ నీళ్ళే ఎందుకు తాగుతున్నారు?" అని. కేరళవాళ్ళను ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా ఎవరూ అడగలేదు. ఏ బాధకు మనసు కరగాలో, ఏ బాధకు కరగకూడదో మనలో నిర్ణయిస్తున్నది ఏమిటి?

పాలమూరు_పిల్ల

మామూలుగా "దగ్గరివాళ్ళ బాధే మనకు తాకుతుంది" అంటారు. మీరు చెప్పిన ఉదాహరణ ఆ మాటనే తలకిందులు చేస్తోంది. హైదరాబాదుకు కేరళ దగ్గరా, శ్రీకాకుళం దగ్గరా? పైగా ఒకే భాష. కాబట్టి దూరం ఒక్కటే కారణం కాదు.

కృష్ణా_లంక

మాది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పది వేల మంది దాకా పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వంటి తారలు వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేశారు. ఎక్కడెక్కడి స్వచ్ఛంద సంస్థలో వచ్చి నెలల తరబడి మా దగ్గరే ఉండి ఇళ్ళు కట్టించాయి. ఉప్పెనకు ఒక తేదీ ఉంది, ఒక రాత్రి ఉంది, మర్నాటి పత్రికలో వేయడానికి ఒక ఫొటో ఉంది. దివిసీమ అనగానే ఈనాటికీ జనానికి అదే గుర్తొస్తుంది.

ఉద్దానం జబ్బుకు అలాంటి తేదీ లేదు. ఈ వారం ఒకరు, వచ్చే నెల మరొకరు పోతారు. ఇరవై ఏళ్ళలో పోయినవాళ్ళందరూ ఒకే రాత్రి పోయి ఉంటే దేశం నిద్రపోయేది కాదు. మనిషి మనసు దెబ్బకు ఉలిక్కిపడుతుంది కానీ అరుగుదలను గుర్తించదు.

లెక్కల_మాస్టారు

కృష్ణా_లంక గారి మాటకు తోడుగా ఒక ప్రయోగం గురించి చెబుతాను. అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో దీన్ని ప్రచురించారు. చిన్న సర్వే నింపినందుకు ఐదు డాలర్లిచ్చి, అందులో ఎంతైనా ఆకలి బాధితులకు ఇవ్వవచ్చని చెప్పారు. కొందరికి మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ళ పాప ఫొటో, ఆమె కథ ఇచ్చారు. మరికొందరికి ఆఫ్రికా దేశాల్లో ఎన్ని లక్షల మంది ఆకలితో ఉన్నారో అంకెలు ఇచ్చారు. పాపను చూసినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, అంకెలు చూసినవాళ్ళు 1.14 డాలర్లు ఇచ్చారు.

నన్ను కలవరపెట్టింది మూడో గుంపు. వాళ్ళకు పాప కథతో పాటు అంకెలూ ఇచ్చారు. వాళ్ళు ఇచ్చింది 1.43 డాలర్లు. అంటే అంకె వచ్చి చేరగానే పాప కూడా చిన్నబోయింది. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ ఫలితం చదివిన రోజు నాకు చాలా కష్టంగా అనిపించింది.

సోంపేట_వాసి గారు తమ సందేశంలో ఏం రాశారో చెబితే బాగుంటుంది.

సోంపేట_వాసి

మాస్టారూ, ఉద్దానంలో ఎన్ని మండలాలు ఈ జబ్బు బారిన పడ్డాయో, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి ఎందుకు అవసరమైందో, హిరమండలం నుంచి పైపులతో నీళ్ళు తేవడానికి ఎన్ని వందల కోట్లు పెట్టారో వివరంగా రాశాను. సమస్య ఎంత పెద్దదో తెలిస్తే మనసు కరుగుతుందని అనుకున్నాను.

నిజం_మాట్లాడితే

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ప్రశ్నలు అడగడం దయలేనితనం కాదు. విరాళాల పేరుతో మోసాలు ఎన్నో చూశాం. పైగా ప్రతి బాధకూ సమానంగా స్పందించాలంటే మనిషి బతకలేడు. నెల జీతంలో ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు పోగా మిగిలేది కొంచెం. అది ఎవరికి చేరుతుందో, వాళ్ళ కష్టంలో వాళ్ళ పొరపాటు ఎంత ఉందో చూసుకుని ఇస్తే తప్పేమిటి? తుపానుకు ఎవరూ బాధ్యులు కారు. కొన్ని జబ్బులకు అలవాట్లు కారణమన్నది కూడా నిజమే కదా.

డయాలసిస్_సిస్టర్

నేను ఆ జిల్లాలోనే డయాలసిస్ కేంద్రంలో పనిచేస్తున్నాను. నిజం_మాట్లాడితే గారికి కోపంతో కాదు, తెలియాలని రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చేవారిలో మధుమేహం గానీ, మొదట రక్తపోటు గానీ లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. నీళ్ళు, నేలలోని ఖనిజాలు, ఎండలో కూలిపని వల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పుల బిళ్ళలు... అన్నిటినీ అనుమానించారు, ఏ ఒక్కదాన్నీ కారణమని ఇంతవరకు తేల్చలేకపోయారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద వైద్యులకే అంతుపట్టని దాన్ని మన అపార్టుమెంటు గ్రూపుల్లో ఒక్క మాటతో 'సారా' అని తేల్చేస్తున్నారు.

మా దగ్గరికి వచ్చే ఒకామె జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే పని చేసేది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడి, గోళ్ళు అరిగిపోయి ఉంటాయి. వచ్చీ రాగానే తూకం యంత్రం మీద నిలబడుతుంది. పోయినసారికీ ఈసారికీ మధ్య ఒంట్లో చేరిన నీరెంతో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగితే బడిపిల్లలా తల దించుకుంటుంది. ఎండాకాలంలో నీళ్ళు కొలిచి తాగడం ఎంత కష్టమో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. ముంజేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపే ఆపరేషన్) పెట్టిన చోట నరం వేలంత లావు ఉబ్బి ఉంటుంది. అక్కడే రెండు సూదులు గుచ్చి నాలుగు గంటలు పడుకోబెడతాం. కొత్తగా ఎవరైనా డాక్టరు గానీ పత్రికవాళ్ళు గానీ వస్తే, వాళ్ళు ఏమీ అడగకముందే, "నాకే అలవాటూ లేదు బాబూ, మా ఇంట్లో ఎవరికీ లేదు" అని ఆమె తనంతట తానే చెప్పుకుంటుంది.

ఆ మాట వినడం నాకు సూది గుచ్చడం కంటే కష్టం. జబ్బుపడిన మనిషి ముందుగా తాను నిర్దోషినని నిరూపించుకోవలసి వస్తోంది.

విత్తనం

సిస్టర్ రాసిన చివరి వాక్యం నేను ప్రతి నెలా చూస్తున్నదే. ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలకు దరఖాస్తులు రాసిపెట్టే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. 2004 జూన్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు అన్నారు. తెలంగాణలో 2015లో దాన్ని ఆరు లక్షలు చేశారు. జీవో వెనుక ఉన్నది దయే, అందులో సందేహం లేదు. కానీ ఆ దయ ఇంటికి చేరాలంటే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయాధికారి ఉన్న త్రిసభ్య కమిటీ 'ఇది నిజమైన రైతు ఆత్మహత్యే' అని తేల్చాలి.

విచారణకు వచ్చినప్పుడు ఏం అడుగుతారో తెలుసా? తాగేవాడా? భార్యాభర్తలు గొడవపడేవారా? అప్పు సాగుకు చేశాడా, బిడ్డ పెళ్ళికి చేశాడా? పత్తి పోయిన ఏడాదే బిడ్డ పెళ్ళి కూడా వస్తే ఆ అప్పును ఎలా విడదీస్తారు? ఒకే షావుకారు, ఒకే ప్రామిసరీ నోటు. పెళ్ళి ఖర్చు బయటపడగానే మొన్నటిదాకా 'అన్నదాత' అయినవాడు 'స్వయంకృతాపరాధి' అవుతాడు. కౌలు రైతు అయితే పట్టాదారు పాసుపుస్తకం అతని పేరున ఉండదు కాబట్టి చాలాసార్లు రైతే కాడు. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్ళ చుట్టూనే తిరిగాయి. ఆ ఇంట్లో ఏడుపు మాత్రం పట్టా ఉన్న ఇంట్లో ఏడుపులాగే ఉంటుంది.

నిజం_మాట్లాడితే

విత్తనం గారూ, ప్రభుత్వ సొమ్ము ఇచ్చేటప్పుడు విచారణ లేకుండా ఎలా? దుర్వినియోగం జరగదా?

విత్తనం

విచారణ వద్దనడం లేదు. పంట ఎంత పోయింది, అప్పు ఎంత ఉంది అన్నది విచారణ. చనిపోయినవాడు మంచివాడా కాదా అన్నది విచారణ కాదు. తుపానులో ఇల్లు కూలినవాణ్ణి "నువ్వు తాగుతావా?" అని అడిగి నష్టపరిహారం రాయరు కదా.

లెక్కల_మాస్టారు

ఈ నింద ఎందుకు పుడుతుందన్నది వివరించడానికి మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో సహచరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. ఒక యువతికి కరెంటు షాకులు తగులుతున్నట్టు పరిశీలకులకు చూపించారు. నిజానికి షాకులు లేవు, అది నటన. ఆమె బాధను తాము ఆపగలమన్నప్పుడు చాలామంది ఆపారు. ఆపే దారి లేక చూస్తూ ఉండవలసి వచ్చినవాళ్ళు కాసేపటికి ఆమెనే తక్కువ చేసి మాట్లాడడం మొదలుపెట్టారు.

లోకంలో ఎవరికి తగింది వాళ్ళకు జరుగుతుందని నమ్మితేనే మనకు నిద్ర పడుతుంది. ఏ తప్పూ చేయనివాడికి కిడ్నీలు పోతాయంటే రేపు మనకూ పోవచ్చు. ఆ భయాన్ని తట్టుకోలేక వాడేదో చేసే ఉంటాడని అనుకుంటాం. పూర్వజన్మ సుకృతం, ఖర్మ అన్న మాటలు మన ఇళ్ళలో ఎప్పుడెప్పుడు వినిపిస్తాయో గమనించండి. తీర్చగలిగిన కష్టం గురించి ఎవరూ ఖర్మ అనరు. తీర్చలేమని చేతులెత్తేసినప్పుడే అంటారు.

పాలమూరు_పిల్ల

మాస్టారూ, అయితే ఉద్దానంలో జబ్బుకు కారణం తేలకపోవడమే రోగులకు రెండో శిక్ష అయింది. కారణం ఖాళీగా ఉన్నచోట నింద వచ్చి కూర్చుంది.

మర్రిగూడ_మిత్ర

కారణం తెలిసిన చోట కూడా పెద్ద తేడా ఏమీ రాలేదమ్మా. మాది నల్లగొండ జిల్లా. మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్న సంగతి దాచిన రహస్యం కాదు. ఒంకర కాళ్ళు, వంగిన వెన్నులు, పచ్చబడిన పళ్ళు దేశమంతా ఫొటోల్లో చూసింది. మాస్టారు చెప్పిన 'ఒక్క ముఖం' కూడా మాకు ఉంది. శివన్నగూడెం అంశల స్వామిని 2003లో ఢిల్లీకి తీసుకెళ్ళి ప్రధానమంత్రి వాజపేయి ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చూసినవాళ్ళు చలించిపోయారు. కానీ మా ఇళ్ళకు మిషన్ భగీరథ నీళ్ళు రావడానికి ఇంకా పదేళ్ళకు పైగా పట్టింది. 2022 జనవరిలో స్వామి కన్నుమూశారు.

ముఖం చూపిస్తే కన్నీళ్ళు వస్తాయి. ఆ కన్నీళ్ళను పైపులైనుగా మార్చింది మాత్రం ఏళ్ళ తరబడి సాగిన పాదయాత్రలు, ధర్నాలు, ఎన్నికల లెక్కలు. అందుకే రోకియా ప్రయోగం చదివి ఫొటోలు పెడితే చాలని ఎవరూ అనుకోవద్దని నా మనవి. ఇంకొక మాట కూడా ఉంది. ఫొటో తీసుకుని వెళ్ళిపోయే బృందాలను చూసి చూసి మా ఊళ్ళలో పెద్దవాళ్ళు కెమెరా కనిపిస్తే లోపలికి వెళ్ళేవారు.

డల్లాస్_గోదావరి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు విద్యార్థి ఎవరైనా ప్రమాదంలో పోతే ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే గోఫండ్‌మీ పేజీ తెరిచిన కొన్ని గంటల్లో భారీ మొత్తం పోగవుతుంది. మృతదేహం ఇంటికి చేరేదాకా అందరం ఫోన్ల మీదే ఉంటాం. అది మంచి పనే, నేనూ అందులో ఉంటాను. కానీ ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి తట్టింది. ఆ పిల్లవాడిలో మాకు మేము కనిపిస్తాం. అదే ఎఫ్‌-1 విద్యార్థి వీసా, అదే అద్దె గది, అదే అప్పు. సానుభూతిలో చాలా భాగం మనల్ని మనం చూసుకోవడమేనేమో.

జగిత్యాల_తమ్ముడు

గోదావరి అన్నా, మీరు నిజాయితీగా రాశారు కాబట్టి అడుగుతున్నాను. మా జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎండకు, గుండెపోటుకు చనిపోతే పెట్టె ఇంటికి రావడానికి వారాలు పట్టిన సందర్భాలు ఉన్నాయి. వాళ్ళ కోసం ఇంగ్లీషులో పేజీ రాసేవాళ్ళు ఎవరు? వాళ్ళదీ తెలుగే, వాళ్ళదీ వీసానే, వాళ్ళదీ అప్పే. ఎన్నో ఏళ్ళు అడిగితే 2024లో తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షల సాయం ప్రకటించింది. అమెరికా పిల్లవాడు పోతే 'మన బిడ్డ' అంటారు. మావాడు పోతే 'గల్ఫ్ బాధితుడు' అంటారు.

డల్లాస్_గోదావరి

తమ్ముడూ, దీనికి నా దగ్గర సమాధానం లేదు. మా సంఘంలో ఈ విషయం పెడతాను. గల్ఫ్ కేసుల్లో ఏ కాగితాలు ఆలస్యం చేస్తాయో నాకు విడిగా రాయండి.

మేడ్చల్_హైవే

తమ్ముడి మాటకు కొనసాగింపుగా 2020 గుర్తుచేయాలి. లాక్‌డౌన్‌లో మా 44వ నంబరు జాతీయ రహదారి మీద వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని నడిచి వెళ్ళారు. మా వీధివాళ్ళు పులిహోర పొట్లాలు కట్టారు, మజ్జిగ పోశారు, చెప్పులు తెచ్చి పంచారు. ఎవరినీ ఎవరూ కులం అడగలేదు, అలవాట్లు అడగలేదు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయలుదేరితే మేము సంతోషించాం.

అదే కూలీలు అంతకు ముందు పదేళ్ళు మా పక్కనే రేకుల షెడ్లలో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మేడలు కడుతున్నంతసేపు కనిపించనివాళ్ళు నడక మొదలుపెట్టాకే కనిపించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ మిరప చేలల్లో పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా పాప, పన్నెండేళ్ళది, అడవి దారిన ఇంటికి నడుస్తూ ఊరు దగ్గరపడ్డాక ప్రాణం విడిచింది. అందరం కంటతడి పెట్టాం. మరుసటి సీజన్‌లో మిరప ఏరడానికి వచ్చిన పిల్లలు ఎంతమందో ఎవరైనా చూశారా?

కృష్ణా_లంక

మజ్జిగ పోయడం సులువు. ఎంత ఖర్చవుతుందో తెలుసు, ఎప్పుడు అయిపోతుందో తెలుసు. షెడ్డులో మరుగుదొడ్డి కట్టించమని బిల్డరును అడగడానికి అలాంటి హద్దు ఉండదు.

లెక్కల_మాస్టారు

కృష్ణా_లంక గారు అసలు విషయం పట్టుకున్నారు. డారిల్ కామెరాన్, కీత్ పేన్ 2011లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఇదే చెబుతోంది. బాధితులు ఎక్కువైనకొద్దీ కరుణ తగ్గడం, సాయం అడుగుతారని ముందే తెలిసినవాళ్ళలోనే కనిపించింది. అడగబోరని అనుకున్నవాళ్ళలో తగ్గలేదు. అంటే మనసుకు అందరి బాధనూ మోసే శక్తి లేక కాదు. మోస్తే ఎంత ఇవ్వవలసి వస్తుందోనని ముందే తలుపు వేసుకుంటోంది. కాబట్టి, సోంపేట_వాసి గారూ, హద్దు తెలిసిన సాయం అడిగి చూడండి. "ఉద్దానాన్ని ఆదుకోండి" అంటే భయపడతారు. "ఈ కుటుంబానికి ఆరు నెలల ఆటో ఖర్చు" అంటే ముందుకు వస్తారు.

వాడ_నుంచి

ఇంతసేపూ చదివాను. అందరూ మంచి మనసుతోనే రాశారు. కానీ మీరంతా మాట్లాడుతున్నది తలవంచుకుని నిలబడిన బాధితుల గురించి. తల ఎత్తినవాళ్ళ గురించి కూడా మాట్లాడండి.

మాది ప్రకాశం జిల్లా. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరుకున్నారు. అప్పుడు అండగా నిలిచినవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు, వాళ్ళను మేము మరిచిపోలేదు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది "వీళ్ళేం చేశారో ఏమో" అన్నారని మా నాన్న చెప్పేవారు. శిబిరంలో అన్నం పెట్టించుకుని ఊరుకుని ఉంటే వాళ్ళ మీద జాలి అలాగే ఉండేదేమో. వాళ్ళు ఊరుకోలేదు, న్యాయం కావాలన్నారు. దళిత మహాసభ పుట్టింది. అప్పటిదాకా "పాపం" అన్న నోళ్ళే "వీళ్ళకు పొగరెక్కింది" అన్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడూ ఆ మాటలే.

తుపానులో కూడా ఈ గీత చెరిగిపోదు. 2004 సునామీలో నాగపట్నం వైపు సహాయ శిబిరాల్లో దళితులను దూరం పెట్టిన సంఘటనలను మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. అందరి ఇళ్ళూ ముంచిన అలే అది. అంచేత బాధితుడు అమాయకుడా కాదా అన్న పరీక్ష కంటే ముందే ఇంకో పరీక్ష ఉంది. వీడు మనవాడా? దానికి మించినది మరొకటి ఉంది. వీడు అడుక్కుంటున్నాడా, హక్కుగా అడుగుతున్నాడా?

నిజం_మాట్లాడితే

వాడ_నుంచి గారూ, మీరు చెప్పినదాన్ని కాదనలేను. కానీ కోపంగా అడిగితే ఎదుటివాడి మనసు కరుగుతుందా? మార్పు రావాలంటే ఎదుటివాళ్ళను కలుపుకుపోవాలి కదా?

వాడ_నుంచి

మనసు కరగడం కోసం ఎదురుచూసి ఉంటే 1989 అట్రాసిటీ చట్టం వచ్చేది కాదండీ. కరుణ రావాలి, వస్తే సంతోషమే. వచ్చేదాకా చట్టం ఉండాలి. మర్రిగూడ_మిత్ర గారు పైపులైను గురించి చెప్పింది కూడా ఇదే.

మర్రిగూడ_మిత్ర

అవును, సరిగ్గా అదే.

పాలమూరు_పిల్ల

నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. చట్టం కాగితం మీద ఉండి, అమలు చేసేవాడి మనసు మూసుకుని ఉంటే ఏమవుతుందో విత్తనం గారి త్రిసభ్య కమిటీలో చూశాం కదా. రెండూ కావాలి. మాస్టారూ, మూసుకున్న మనసు తెరుచుకున్నట్టు చూపిన ప్రయోగం ఏదైనా ఉందా, లేక అన్నీ ఇలా నిరాశ కలిగించేవేనా?

లెక్కల_మాస్టారు

ఉందమ్మా. డేనియల్ బాట్సన్ బృందం 1997లో ప్రచురించింది. ఒక ఎయిడ్స్ బాధితురాలు, ఒక ఇల్లు లేని మనిషి, చివరికి హత్య చేసి శిక్ష పడిన ఖైదీ... ఒక్కొక్కరి మాటలు వినిపించి, ఆ మనిషికి ఎలా అనిపిస్తుందో ఊహించమని చెప్పారు. అలా ఊహించినవాళ్ళలో ఆ ఒక్క మనిషి మీదే కాక మొత్తం ఆ వర్గం మీద అభిప్రాయం మెరుగుపడింది. హంతకుల విషయంలో మార్పు అప్పటికప్పుడు కనిపించలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరే సర్వే పేరుతో ఫోను చేసి అడిగినప్పుడు బయటపడింది.

ఒక్క మనిషి నుంచి వర్గం దాకా దారి ఉందన్నమాట. ఆ మనిషిని మనం వస్తువులా చూడకుండా, అతని మాట అతని నోటితోనే వినాలి.

డయాలసిస్_సిస్టర్

ఫొటోల విషయంలో మర్రిగూడ_మిత్ర గారి మాట మా దగ్గర కూడా నిజం. ఉద్దానం పిల్లను చేసుకోవడానికీ, ఉద్దానానికి పిల్లను ఇవ్వడానికీ జనం వెనకాడుతున్నారు. అందుకని పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో జబ్బును దాచుకుంటారు, రక్తపరీక్షకు కూడా రారు. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎక్కువని తేలేసరికి ఆలస్యమైపోతుంది. మీరు జాలి కోసం పెట్టే ఫొటో ఆ ఇంట్లో ఒక పెళ్ళి చెడగొట్టవచ్చు. మాట్లాడడానికి ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. ముఖం, ఊరి పేరు లేకుండా ఫోనులో మాట్లాడతారు. జీడి పనిచేసిన ఆమెను అడిగాను, సరేనంది.

సోంపేట_వాసి

సిస్టర్, ఆమెకు నా నమస్కారాలు చెప్పండి. వచ్చే ఆదివారం మా అపార్టుమెంటు సమావేశం ఉంది. అంకెల సందేశం తీసేసి, ఆమె అంగీకరించినంత మేరకు ఆమె మాటే వినిపిస్తాను. నిజం_మాట్లాడితే గారు లేవనెత్తిన అనుమానం మా గ్రూపులోనూ ఉంది కాబట్టి డబ్బు నా ఖాతాలోకి తీసుకోను, ఆటో డ్రైవర్లకే నేరుగా చెల్లించే ఏర్పాటు చేస్తాం.

నిజం_మాట్లాడితే

అలా అయితే ఒక కుటుంబం ఖర్చు నాకు అప్పగించండి. అలవాట్ల గురించి అడగను.

జగిత్యాల_తమ్ముడు

నిజం అన్న ముందుకు వచ్చిండు, సంతోషం! సోంపేట అన్నా, ఆదివారం మీటింగ్‌లో పలాస జీడిపప్పు పంచండి, చందా తానే వస్తది.

వాడ_నుంచి

సోంపేట_వాసి గారూ, ఆదివారం సమావేశంలో ఇంకొక ప్రశ్న కూడా పెట్టగలరా? మీ అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు ఎవరు శుభ్రం చేస్తున్నారు? కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు జీవితమంతా ఈ ప్రశ్న మీదే పనిచేస్తున్నారు. ఉద్దానం మీకు వందల కిలోమీటర్ల దూరం, ట్యాంకు మీ మెట్ల కిందే ఉంది.

సోంపేట_వాసి

లారీ వస్తుంది, పైపు వేస్తారు. అడుగున మిగిలిన మడ్డిని తీయడానికి మనిషి దిగుతాడో లేదో నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు. మా సూపర్‌వైజరును అడిగి ఇక్కడే రాస్తాను.

విత్తనం

అడిగేటప్పుడు కాగితం కూడా చూడండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా అలా చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. మీ సంఘం కాంట్రాక్టరుతో రాసుకున్న ఒప్పందంలో 'మనిషి దిగకూడదు' అన్న వాక్యం లేకపోతే ముందు అది చేర్పించండి. ముసాయిదా కావాలంటే రాత్రికి రాసి పెడతాను.